సరికి సరి, పైన ఒక పిడికెడు

కుంట నిండి మరవ పారడం ఇతర చోట్ల మామూలు సంగతి కావచ్చు. అనంతపురం మెట్టనేలల్లో అది అరుదు. మరవ అంటే కట్ట చివర కట్టిన రాతి గడప. కుంటలో పట్టినంత నీరు పట్టి, మిగిలినది కట్టకు హాని చేయకుండా ఆ గడప దాటి వంకలోకి, అంటే వాగులోకి, పోతుంది. ఉద్యోగరీత్యా తరువాతి కాలంలో పెద్ద జలాశయాల తలుపులు ఎత్తడం చూశాను. నీళ్ళ హోరుకు పక్కమనిషి మాట వినపడని చోట్ల నిలబడి లెక్కలు రాసుకున్నాను. అయినా ఎక్కడైనా ఎండిన నేల మీద తొలిచినుకు పడి మట్టివాసన లేచిందంటే, నా మనసు వెళ్ళి నిలబడేది ఒక్కచోటే: మడకశిర దాటాక, తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో కలిసిపోయే ఒక చిన్న ఊరికి పడమట, నేను గీసి, దగ్గరుండి కట్టించిన ఆ మరవ దగ్గర.

నేను ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంట్లో పుట్టాను. నాయన గుంటమగ్గంలో కూర్చొని, పడుగులో ఒక్క పోగు వదులైనా వేలికొనతో కనిపెట్టేవాడు. ఆ విద్య నాకు అబ్బలేదు గాని, గీత గీతలాగే ఉండాలన్న పట్టుదల మాత్రం ఆయన నుంచే వచ్చింది. సివిల్ ఇంజినీరింగులో డిప్లొమా ముగించి, డెబ్బైల చివరి ఏళ్ళలో, కరువు పనులు చేయించే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. సంస్థ అంటే మడకశిరలో ఒక అద్దె గది, రెండు సైకిళ్ళు, ఒక లెవెల్ పరికరం, దాని మూడు కాళ్ళ స్టాండు. కార్యదర్శి అనంతపురంలో ఉండేవారు. ఊళ్ళలో తిరిగేవాణ్ణి నేను.

ఆ ఊరి వంకకు అడ్డంగా మట్టికట్ట వేసి, వాన నీటిని కొన్నాళ్ళు నిలిపితే కింది బావుల్లో ఊట పెరుగుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియాల్సింది మరవ ఎక్కడ పెట్టాలన్నది. నేల గట్టిగా ఉన్న చోటు చూడాలి. లెవెల్ పట్టుకొని తిరిగి చూస్తే, రాతినేల ఎడమ కొసన మాత్రమే తగిలింది. ఆ కొసకు సరిగ్గా కింద ఒక ముసలావిడ చేను ఉంది.

ఊరంతా ఆమెను అవ్వ అనేవారు. నేనూ అట్లాగే పిలిచాను. భర్త పోయి చాలాకాలం. పిల్లలు లేరు. ఆ చేనుకు ఒక చరిత్ర ఉంది. అది మొదట్లో గులకరాళ్ళు తేలిన ఎర్రనేల. ఏటా ఎండాకాలంలో, ఊరవతల పాత కుంట ఎండినప్పుడు, అడుగున పేరుకున్న ఒండ్రుమట్టిని ఆమె భర్త గంపతో మోసుకొచ్చి చేనులో పరిచేవాడట. బండి లేదు, ఎద్దులు లేవు. గంప మీద గంప. పెండ్లయిన ఏడు మొదలుపెట్టిన పని, మంచం పట్టేదాకా ఆపలేదట. చుట్టూ ఉన్న చేలన్నీ ఇటుకరంగులో ఉంటే, ఆ ఒక్క చేను మాత్రం ముదురు గోధుమరంగులో, ఎవరో రంగుగుడ్డ ఆరేసినట్టు కనపడేది.

మరవ అక్కడ వస్తుందని చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆమె కొడవలి పక్కన పెట్టి నా కాగితం వైపు చూసింది.

"నీళ్ళు నా చేను పక్కనే పోతాయంటావు."

"పక్కనే పోతాయవ్వా. చేనులోకి రావు. రాతిగోడ, దాని కింద రాతిపరుపు, ఆ తరువాత కాలువ. అన్నీ గీసి పెట్టినాం."

"కాగితం మీద రాయి ఉండాది. నేల మీద ఎప్పుడొస్తాది?"

"కట్ట అయిన వెంటనే."

"ఈ మన్ను ఆయప్ప మోసింది. అది పోతే తిరిగి మోసేదానికి ఆయప్ప లేడు, నాకు నడుము లేదు. తెలుసునా?"

తెలుసన్నాను. ఆమె ఒప్పుకుంది.

కట్టపనికి కూలి ధాన్యంగా వచ్చింది. పని చేసినవాళ్ళకు కరువు పథకం కింద గోధుమలు కొలిచి ఇచ్చేవారు. మట్టిపనికి అది చాలు. మట్టి ఊరిది, చేతులు ఊరివి. కాని మరవకు సిమెంటు కావాలి, రాళ్ళు చెక్కేవాళ్ళకు రొక్కం ఇవ్వాలి. ఆ రొక్కం ఇస్తామన్న చోట పథకం మారిపోయింది. కట్ట లేచి నిలబడింది. మరవ ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది. సిమెంటు అప్పట్లో పర్మిటు మీద మాత్రమే దొరికేది. పర్మిటు తెచ్చుకునే దారి ఉంది, దాని మీద సరుకు విడిపించే డబ్బు లేదు.

ఆ ఖాళీ ఎంత ప్రమాదమో ఇంజినీరు కానివాళ్ళకు కూడా అర్థమవుతుంది. ఇంతకుముందు వంక తనకిష్టమైనట్టు వెడల్పుగా పరుచుకొని పోయేది. ఇప్పుడు కట్ట దాన్నంతా ఒక మూలకు తోసి, ఆ ఖాళీ గుండా పొమ్మంటుంది. అడుగున రాతిపరుపు లేకపోతే, ఆ జోరు నేలను కోసుకుంటూ నేరుగా అవ్వ చేనులోకి దిగుతుంది. ఖాళీని మట్టితో పూడిస్తే నీళ్ళు కట్ట మీదుగా దొర్లి కట్టనే తీసుకుపోతాయి. మా ప్రాంతంలో గట్టి వానలు పడేది ఆశ్వయుజం అటూ ఇటూగా. అప్పటికి రాయి లేవాలి. సంక్రాంతి పోయి, ఎండ ముదురుతోంది.

నేను కంపెనీలకు ఉత్తరాలు రాశాను. హిందూపురంలోనివి, బెంగుళూరులోనివి, విలాసాలు దొరికినవన్నీ. ఒక్క జవాబు రాలేదు. అడగవలసింది కంపెనీని కాదని, అందులో పనిచేసే మనిషినని నాకు తెలియజేసినవాడు ఆ ఊరివాడే, ఒక టర్నరు.

అతను బెంగుళూరులో, విదేశీ భాగస్వాములున్న ఒక యంత్రభాగాల కర్మాగారంలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. సెలవు మీద ఊరికొచ్చినప్పుడల్లా ముందు కట్ట మీదికొచ్చి, ఆకాశం కేసి చూసి, తరువాతే ఇంటికి పోయేవాడు. నగరంలో వాన పడ్డప్పుడు కూడా, ఈ మబ్బు మన వైపు నుంచి వచ్చిందా, మన వైపు పోతాందా అని అడుగుతుంటానని, అందరూ నవ్వుతారని చెప్పేవాడు. ఆ రోజు ఖాళీ దగ్గర కూర్చొని బీడీ ముట్టించి అన్నాడు:

"సార్, మా ఫ్యాక్టరీలో ఒక నోటీసు ఉండాది. క్యాంటీను పక్కన. మా జీతంలోంచి మేం ధర్మపనికి ఎంత ఇస్తే, కంపెనీ గూడా అంతే ఇస్తాదంట."

"అంతేనా? నిజంగానా?"

"నోటీసులో అట్లే ఉండాది. ఏండ్ల నుంచి వేలాడ్తాండాది. దాని మింద హోటలు వాళ్ళ పాంప్లెట్లు అతికించినారు. ఎవురూ చదవరు."

మరుసటి వారం నేను బెంగుళూరు బస్సెక్కాను.

సంక్షేమాధికారి కన్నడిగుడు. ఇస్త్రీ చెడని తెల్లచొక్కా, ముక్కు మీద కళ్ళజోడు, పెన్సిళ్ళన్నీ ఒకే పొడవున చెక్కి ఉంచిన బల్ల. చూడగానే ఆయన నాకు నచ్చాడు. నియమాలు వరుసగా చెప్పాడు. సంస్థ రిజిస్టరై ఉండాలి, లెక్కలు ఆడిటు అయి ఉండాలి. విరాళం ఉద్యోగి సొంత జీతంలోంచి రావాలి, అతని పేరనే రసీదు ఇవ్వాలి. ఇచ్చినవాడికి బదులుగా ఏ లాభమూ ముట్టకూడదు. ఇవన్నీ సరిపోతే ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా కంపెనీ ఇస్తుంది. విదేశంలోని మాతృసంస్థలో ఇది పాత పద్ధతేనట. ఇక్కడ ఇంతవరకు ఒక్కరూ వాడుకోలేదని చెబుతూ, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకూ అది బాధగానే ఉన్నట్టు తోచింది.

మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీనులో మాట్లాడటానికి అనుమతి ఇచ్చాడు. కరువు గురించి దీనంగా చెప్పడం నాకు రాదు. అందుకని మరవ డ్రాయింగును గోడకు తగిలించాను. అది అదృష్టమని తరువాత తెలిసింది. అక్కడ తినేవాళ్ళంతా రోజూ డ్రాయింగులు చదివి ఇనుము కోసేవాళ్ళు. కంచాలు చేత్తో పట్టుకొని వచ్చి గోడ చుట్టూ మూగారు.

"ఈ గోడ పునాది రాయిలోకి దిగుతుందా?" అని ఒక మలయాళీ ఫిట్టరు అడిగాడు.

"దిగుతుంది. రాయిని చెక్కి, పట్టు దొరికేదాకా."

"గడప మట్టానికి టాలరెన్స్ ఎంత సార్, ఎంత తేడా ఒప్పుతుంది?" అన్నాడు ఇంకొకడు.

"మా నాయన మగ్గం మీద ఎంతో అంత. ఒక పోగు." అందరూ నవ్వారు. "నిజమే చెబుతున్నాను. గడప ఒకవైపు వాలిందంటే నీళ్ళన్నీ ఆ వైపే దూకి, రాతిపరుపును పెకలిస్తాయి. మట్టం సమంగా ఉంటే గడప పొడుగునా పలచటి తెరలాగా దిగుతాయి."

"ఈ గుర్తు దేనిది? ఈ చదరం?"

"అది ఒక అవ్వ చేను," అన్నాను. ఆ మట్టి సంగతి చెప్పాను.

అనంతపురం ఎటువైపు ఉందో తెలియనివాళ్ళు కూడా ఆ సాయంత్రం పేర్లిచ్చారు. మా జిల్లావాళ్ళ కంటె వాళ్ళే ఎక్కువ. ఆ చదరం వాళ్ళందరికీ అర్థమైంది. జీతాల రోజున వాళ్ళిచ్చినది మరవ ఖర్చులో సగానికి వచ్చింది. మిగిలిన సగం కంపెనీ నుంచి రావాలి. రసీదులు రాసి, దరఖాస్తు పెట్టి, ఊరికి తిరిగొచ్చాను.

బడి వరండాలో ఊరివాళ్ళను కూర్చోబెట్టి సంగతంతా వివరించాను. అందరూ సంతోషించారు. అవ్వ మాత్రం ముఖం చిట్లించుకుంది.

"ఆ పిల్లోళ్ళు ఎంత ఇచ్చినారో, కంపెనీ అంతే ఇస్తాదా?"

"అంతే ఇస్తుందవ్వా."

"ఒక్క రూపాయి గూడా ఎక్కువ లేకుండానా?"

"అదే నియమం. సరిసమానం."

"అయ్యో! ఆ పిల్లోళ్ళు ఏం పాపం చేసినారప్పా? ఎందుకంత కోపం కంపెనీకి?"

జనం నవ్వలేదు. నేనొక్కణ్ణే నవ్వబోయి ఆగాను. ఆ సరిహద్దు ఊళ్ళలో ముయ్యి అనే ఆచారం ఉంది. మీ ఇంట్లో పెండ్లికి ఒకరు ఒక శేరు బియ్యమో, ఒక రవికెగుడ్డో తెచ్చిపెడితే, వాళ్ళింట్లో శుభకార్యం జరిగినప్పుడు మీరు అంతకంటె కొంచెం ఎక్కువ తీసుకుపోవాలి. తక్కువైతే చిన్నతనం. సరిసమానంగా ఇవ్వడం అంతకంటె పెద్ద సంగతి. దాని అర్థం, లెక్క చెల్లిపోయింది, ఇక మీకూ మాకూ రాకపోకలు లేవని. తగాదా పడ్డ వియ్యంకులు అట్లా తూచి ఇచ్చి తెంపుకోవడం నేను ఆ ఊళ్ళోనే చూశాను. పైన వేసే ఆ పిడికెడే మనుషులను ఒకరికొకరిని ముడివేసి ఉంచేది.

కంపెనీ నియమానికి, ముయ్యికి సంబంధం లేదని నాకు చేతనైనంత వరకు చెప్పాను. అవ్వ విన్నది. విన్నట్టే ఉన్నది.

ఉగాదికి టర్నరు ఊరికి వచ్చాడు. చింతపండు దిగే రోజులవి. నేను సిమెంటు పర్మిటు కోసం అనంతపురంలో కూర్చొని ఉన్నాను. ఆ మూడు నాలుగు రోజుల్లో అవ్వ ఇల్లిల్లూ తిరిగి, గింజ తీసిన కొత్త చింతపండు ఒక గోతం నింపింది. పైన ఉలవలు మూటగట్టి పెట్టింది. బస్సు మీద వేయించి టర్నరుకు చెప్పిందట: "మరవకు ఇచ్చినోళ్ళందరికీ పంచు. కంపెనీ తెంపుకుంటే తెంపుకోనీ. మనం తెంపుకోము."

వారం దాటాక నేను తిరిగివచ్చి ఆ మాట విన్న పూటే, సంక్షేమాధికారి దగ్గర నుంచి కవరు వచ్చింది. విరాళాలిచ్చిన ఉద్యోగులకు సంస్థ పనిచేసే గ్రామం నుంచి సరుకు ముట్టినట్టు గేటు దగ్గర నమోదైంది. విషయం తేలేవరకు కంపెనీ వాటా నిలిపివేయడమైనది.

నాకు అవ్వ మీద కోపం రాలేదు. ఆమె ఇంటికి పోయి, అరుగు మీద కూర్చొని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చేటలో ఉలవలు చెరుగుతూ విన్నది.

"అంటే, మనం ఇచ్చినందుకు వాళ్ళు ఇయ్యరా?"

"అవునవ్వా."

"ఇట్లాంటి ఊరు యాడన్నా ఉంటాదా అప్పా, ఇచ్చినందుకు అలిగేది?" తరువాత చేట దించి, మెల్లగా అడిగింది: "రాయి లేవదా అయితే?"

ఆ ప్రశ్నకు జవాబు కోసమే మళ్ళీ బెంగుళూరు వెళ్ళాను. సంక్షేమాధికారి నన్ను కసురుకోలేదు. ఆయన్ను తొలుస్తున్నది వేరే సంగతి. గోతం గేటు దాటి లోపలికి వచ్చింది. ఇచ్చినవాళ్ళనందరినీ ఒక్కొక్కరినే పిలిచి అడిగితే, ప్రతివాడూ తనకేమీ ముట్టలేదన్నాడు. టర్నరును అడిగితే తల వంచుకొని, "నేను ఇంటికి తీస్కపోలే సార్" అన్నాడు తప్ప ఇంకో మాట లేదు.

"లోపలికి వచ్చిన వస్తువు ఎవరికీ చేరలేదంటే నేనెట్లా నమ్మాలి?" అన్నాడాయన. నేనైనా నమ్మను. ముయ్యి సంగతి చెబితే శ్రద్ధగా విన్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఆ ఆచారం ఉందన్నాడు. అయితే అది ఫైలులో రాయదగిన సంగతి కాదు. చివరికి, పంపినవాళ్ళను స్వయంగా అడిగి తేల్చుకుంటానని, పని కూడా చూసినట్టుంటుందని అన్నాడు.

ఒక ఆదివారం ఆయన జీపులో వచ్చాడు. దారి చూపడానికి టర్నరును వెంట తెచ్చాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన కట్ట పొడవునా నడిచాడు. ఖాళీ దగ్గర నిలబడి, వంక పైకి, తరువాత అవ్వ చేను వైపు చూశాడు. అవ్వ అక్కడే ఉంది, తలమీద కొంగు వేసుకొని.

"నువ్వేనా అప్పా కంపెనీ?" అంది.

"కంపెనీలో పని చేస్తానమ్మా. ఆ చింతపండు ఎందుకు పంపించారు?"

ఊరికే పంపినాం అన్నా సరిపోతుంది. ఆమె ఆ మాట అనదని నాకు తెలుసు.

"ఎందుకేమప్పా, ముయ్యి. మీ పిల్లోళ్ళు నా మన్ను నిలపాలని దుడ్లు ఇచ్చినారు. వాళ్ళింట్లో పెండ్లో పేరంటమో నాకెట్ల తెలుస్తాది? పండు దిగినప్పుడే పంపిస్తిమి."

ఫైలుకు కావలసిన మాట, కంపెనీ వాటాను ఆపేసే మాట, ఆమె నోటనే వచ్చింది. అప్పుడామె టర్నరు వైపు తిరిగింది.

"నువ్వు చెప్పురా. అందరికీ పంచినావా లేదా?"

అధికారి ముందు బిగించుకున్న నోరు అవ్వ ముందు నిలవలేదు. టర్నరు మెడ గోక్కున్నాడు.

"యాడ పంచేదవ్వా! ఒకడు జాలహళ్ళిలో ఉంటాడు, ఒకడు యశ్వంతపురంలో. గోతం నెత్తిన పెట్టుకొని ఎన్ని గడపలు ఎక్కేది? క్యాంటీను వంటాయనకు ఇచ్చేస్తి. ఆయన చారు పెట్టేసినాడు."

"చారా?"

"ఊఁ. ఫ్యాక్టరీ అంతా తినింది, వారం దినాలు. బయట సరుకు వండినాడని తెలిస్తే ఆయన్ను ఏమంటారో అని నేను నోరెత్తలే."

అవ్వకు ఒళ్ళు మండిపోయింది. "థూ! మీ నాయన ఎంత గట్టోడు, ఆయన కడుపున పుట్టి ఇట్ల చేస్తివా! ముయ్యి ఇయ్యాల్సినోళ్ళకు ఇయ్యకుండా, ఎవురెవురికో పోసినావా? ఇప్పుడు ఆ పిల్లోళ్ళ ముఖం నేనెట్ల చూసేది? నువ్వు చేసింది ముయ్యి కాదు, దారిన పోయేటోళ్ళకు సంతర్పణ!"

ఆమె తిట్టుకు తిట్టు జతచేస్తూ పోతుంటే, అధికారి ముఖం కొంచెం కొంచెంగా విచ్చుకోవడం చూశాను. ఆమె పరువు పోయిన చోటే ఆయన చిక్కు వీడింది. విరాళం ఇచ్చినవాడికి ప్రత్యేకంగా ఏమీ ముట్టలేదు. గోతం ఎక్కడికి పోయిందో తేలింది.

"నియమం ఇచ్చినవాళ్ళ గురించి," అన్నాడాయన నాతో, ఒక్కో మాటా తూచుతూ. "ఇవ్వనివాళ్ళు కూడా తిన్నారు కనుక, అది బదులు కాదు. ఇదంతా ఉన్నదున్నట్టే రాస్తాను. వంటవాడి సంగతి వేరే నియమం. అది నా ఫైలు కాదు." తరువాత ఎటో చూస్తూ అన్నాడు: "ఆ చారు నేనూ తాగాను."

అవ్వ తిట్లు ఆపింది. "ఎట్లుండె?"

"బాగుంది. రెండోసారి పోయించుకున్నాను."

"అట్లయితే నువ్వు గూడా ముయ్యిలోకి వస్తివి," అంది అవ్వ. "చూసుకో మరి."

ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. జీపు ఎక్కేముందు ఆమెకు గట్టిగా చెప్పాడు: ఫైలు తెరిచి ఉన్నంతకాలం ఇంకేమీ పంపకూడదు.

"మూసినాక?"

"మూసినాక మీ ఇష్టం."

"అట్లయితే బిరీన మూయప్పా. పండు పాతబడిపోతాది."

కంపెనీ వాటా ఎండాకాలం దాటకముందే వచ్చింది. సిమెంటు విడిపించాం. రాతిపనివాళ్ళు గుడిసెలు వేసుకొని దిగారు. పునాది రాయిలోకి దింపి, గోడ లేపి, పైన గడపరాళ్ళు పరిచిన రోజున, లెవెల్ పెట్టి ఒక కొస నుంచి ఇంకో కొస వరకు చూశాను. ఒక రాయి పోగంత ఎక్కువ లేచి ఉంటే, దాన్ని తీయించి మళ్ళీ కూర్చోబెట్టించాను. మేస్త్రీ సణిగాడు. అవ్వ అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చి, "ఆ పిల్లోడు చెప్పినట్టు చెయ్యప్పా, వాళ్ళది నేసేటోళ్ళ ఇల్లు" అంది.

ఆశ్వయుజంలో వాన వచ్చింది. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి కుంటలో నీరు గడపరాళ్ళ అంచు దాకా లేచింది. ఊరంతా కట్ట మీదికి వచ్చింది. నేను మరవ పక్కన, మోకాలు తడిసేంత చోట నిలబడ్డాను. నీరు అంచు దగ్గర ఒక్క క్షణం వంగి, ఆలోచించుకున్నట్టు ఆగి, తరువాత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారిగా దిగింది. పలచగా, ఎక్కడా చిరుగు లేకుండా. పట్టుచీర మగ్గం నుంచి దిగుతున్నట్టే ఉందనుకున్నాను. చూడటానికి నాయన లేడే అనుకున్నాను.

అవ్వ నీటి వైపు చూడలేదు. చేను గట్టు మీద నిలబడి, మట్టిని చూస్తోంది. నీళ్ళు కాలువలో పడి, ఆమె చేను పక్కగా, ఒరుసుకోకుండా పోయాయి. చీకటి పడేదాకా ఆమె అక్కడే ఉంది. దగ్గరికి పోతే, నా వైపు చూడకుండానే అంది: "ఆయప్ప ఉంటే ఈపొద్దు గంప దించి కూర్చునేటోడు."

ఫైలు మూసినట్టు కాగితం వచ్చాక, తరువాతి పంటకు ఆమె చింతపండు పంపింది. ఈసారి గోతం పైన ఒక చిన్న మూట విడిగా, కళ్ళజోడాయనకని. అధికారి నియమం ప్రకారమే నడుచుకున్నాడు. తన జీతంలోంచి పక్క ఊరి మరవకు విరాళం రాశాడు. కంపెనీ సమానంగా కలిపింది. ఆయన వెనక ఇంకొందరు రాశారు. ఆ నోటీసు మీద పాంప్లెట్లు అతికించడం ఆగిపోయిందని టర్నరు చెప్పాడు. మేము ఆ వంక పొడవునా కిందికి ఒకదాని తరువాత ఒకటిగా పనులు చేసుకుంటూ పోయాం. ఏటా, ఆ ఏటి ఫైలు మూసినాక, అంచనా కాగితంలో ఎక్కడా చేర్చని సరుకుగా చింతపండు గోతం బెంగుళూరు వెళ్ళేది, ఏటా కిందటి దానికంటె కొంచెం ఎక్కువ.

కుంట అన్ని ఏళ్ళూ నిండలేదు. నిండని ఏళ్ళే ఎక్కువ. నిండని ఏళ్ళలో అవ్వ గడపరాళ్ళ మీద రాగులు ఆరబోసుకునేది. ఎండకు తెల్లబడిన ఆ రాళ్ళ మీద కూర్చొని, నీళ్ళు దిగిన సాయంత్రాన్ని మేమిద్దరం ఎన్నిసార్లు తలుచుకున్నామో. ఆమెకు గుర్తున్నది మట్టి రంగు, నాకు గుర్తున్నది గడప మట్టం.

ఎనభైల చివర్లో నాకు వేరే జిల్లాలో ఉద్యోగం వచ్చింది. బయల్దేరిన రోజున అవ్వ బస్సు దగ్గరికి వచ్చింది. చేతిలో గుడ్డమూట. చింతపండు, దాని మీద పిడికెడు ఉలవలు. ఆ ఉలవలు ఆ చేనులో పండినవే. నేను జేబులు తడుముకున్నాను. ఆమెకు ఇవ్వడానికి ఏదో ఒకటి, పెన్ను, రుమాలు, ఏదైనా. ఆమె నా మణికట్టు పట్టుకొని ఆపింది.

"ఏమీ ఇయ్యొద్దు. ఇప్పుడిస్తే సరికి సరైపోతాది."

"మరి ఎప్పుడివ్వాలవ్వా?"

"నీ మీద ఉండనీ. ఉంటే ఎప్పుడన్నా వస్తావు."

బస్సు కదిలింది. ఊరు దాటాక పడమటి వైపు కిటికీలోంచి కట్ట కనిపించింది, దాని ఎడమ కొసన మరవ. ఆ ఏడు వాన లేదు. కుంట అడుగు పగుళ్ళు బారి ఉంది. గడపరాళ్ళు మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క గీతగా, ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. వాటి కింద, చుట్టూ ఉన్న ఎర్రనేల మధ్య, ఆ చదరం ముదురురంగులో అలాగే ఉంది. మలుపు వచ్చేదాకా మూట ఒడిలో పెట్టుకొని చూస్తూనే ఉన్నాను.